రిసీవరు, మూడు స్పీకర్లు, రెండు రీళ్ళ నల్లదారం

ఆ ఆదివారం మధ్యాహ్నం మేస్త్రీగారు నలభై నిమిషాలపాటు టీవీలో వార్తలు చూశారు. చూడటం పూర్తయ్యే వేళకి ఆయన భార్య పక్కగదిలో కుట్టుమిషను ఆపి వచ్చి, ఆయన ఆనుకున్న దిండు సర్దబోయి, దాని కింద నలుగుతున్న రిమోటును బయటికి లాగింది. టీవీ తెర మూలన చిన్న స్పీకరు బొమ్మ, దాని మీద అడ్డగీత కనిపించాయి. దిండు బరువుకి మ్యూట్ మీట నొక్కుకుపోయి ఉండాలి. అది కూడా వార్తలు మొదలవకముందే.

"సౌండు లేకుండా ఏం చూస్తున్నారండీ?" అంది ఆవిడ.

"లేకపోవడమేంటి? ఇవాళే బాగా వస్తోంది. ఆ అమ్మాయి చూడు, ఎంత స్పష్టంగా చదువుతోందో."

ఆవిడ ఒకసారి తెర వంక, ఒకసారి మొగుడి వంక చూసింది.

"ఏం చదివిందో చెప్పండి."

మేస్త్రీగారు చెప్పారు. వంతెన పనులు మూడోసారి ఆగిపోయాయి, కాంట్రాక్టరు మీద కేసు పెట్టారు. జంతు ప్రదర్శనశాలలో జిరాఫీ ఈనింది, పిల్ల ఆరడుగులుంది. ఎల్లుండి నుంచి జల్లులు. సాయంత్రం మళ్ళీ వార్తలు పెట్టుకుని ఆవిడ ఒక్కొక్కటే సరిచూసుకుంది. జిరాఫీ పిల్ల ఎత్తుతో సహా అన్నీ సరిపోయాయి.

ఆవిడ కూతురికి ఫోన్ చేసింది. "మన టీవీకి ఏదో వచ్చిందే. సౌండు తీసేస్తే మీ నాన్నకి శుభ్రంగా వినిపిస్తోంది. పెడితేనే వినిపించట్లేదు."

రెండో ముక్క కూడా అబద్ధం కాదు. ఎక్కడో వేరే భాషలో తీసి, మన మాటలు అతికించి వదిలిన సీరియల్ ఒకటి రోజూ ఏడింటికి వచ్చేది. ఆవిడకి అదంటే ప్రాణం. మేస్త్రీగారికి ప్రాణసంకటం. "సౌండు పెంచు" అనేవారు. పెంచేది. "ఇంకా పెంచు" అనేవారు. పెంచేది. ఈ ఇంట్లో సీరియల్‌లో అత్తగారు అరిస్తే పక్కింట్లో గిన్నెలు ఉలిక్కిపడేవి. అయినా ఆయనకి ఒక్క ముక్క అంతుపట్టేది కాదు.

"వీళ్ళందరూ నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడతారేంటి?" అని విసుక్కునేవారు. చివరికి నేరం టీవీ మీద పడింది. "అట్టముక్కంత పలచగా చేసి పారేశారు. దీంట్లో గొంతు ఎక్కడ పెడతాడు వాడు మాత్రం?"

మేస్త్రీగారు మరమగ్గాల మిల్లులో ముప్పై అయిదేళ్ళుగా పనిచేస్తున్నారు. ఒకే షెడ్డులో తొంభై ఆరు మగ్గాలు. ఏది మొరాయించినా ఆయన వచ్చి దాన్ని దారికి తేవాలి. వయసులో ఉన్నప్పుడు షెడ్డు గుమ్మంలో నిలబడి, కళ్ళు మూసుకుని, వేలు చూపించి, "నలభై రెండో నంబరు, ఎడమ పక్క బెల్టు" అనేవారట. వెళ్ళి చూస్తే నలభై రెండో నంబరు ఎడమ పక్క బెల్టే. తొంభై ఆరు మగ్గాల రొదలోంచి ఒక్క మగ్గం దగ్గును పట్టుకునేవారు కాబట్టి ఆయనకి చెవిమేస్త్రీ అని పేరు వచ్చింది. సొంత పేరు జీతం చీటీ మీద మిగిలింది.

ఆ షెడ్డులో మనిషి గొంతు అన్నదానికి విలువ లేదు. పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వాడికి వెచ్చటి గాలి తగులుతుంది తప్ప మాట అందదు. అందుకని అక్కడివాళ్ళు పెదాలు కదుపుతారు, చేతులు తిప్పుతారు, ఎదుటివాడు చూసి గ్రహిస్తాడు. టీ, కూలీ పెంపు, పడుగు దారం తెగింది, వాడి బావమరిది వీడి దగ్గర సైకిలు తీసుకుని ఇవ్వలేదు, అన్నీ అలాగే నడుస్తాయి. సూపర్‌వైజరు వీపు తిప్పి ఉంటే నిశ్చింతగా తిట్టుకోవచ్చు. మొహం ఇటు తిప్పితే మాత్రం నోరు కట్టెయ్యాలి. ఆయనా మగ్గం దగ్గరనుంచి పైకొచ్చినవాడే, పది బారల దూరంలోని తిట్టు కూడా చదివేస్తాడు.

ఇలా ముప్పై అయిదేళ్ళు గడిచేసరికి మేస్త్రీగారు వినడం ఎప్పుడు మానేశారో, చూడటం ఎప్పుడు మొదలుపెట్టారో ఆయనకే తెలియకుండా పోయింది. ఈమధ్య షెడ్డు గుమ్మంలో కళ్ళు మూసుకుని నిలబడటం లేదు. పొద్దున్నే ఒక చుట్టు తిరుగుతూ, ప్రతి మగ్గం మీదా అరచెయ్యి ఆనించి, పశువును నిమిరినట్టు నిమురుతూ వెళ్తారు. అదురులో తేడా చేతికి తెలుస్తుంది. "పెద్దాయనకి మగ్గాలంటే ఎంత ప్రేమో" అనుకునేవారు మిగతావాళ్ళు.

అనుమానం ఆయనకి రాలేదని కాదు. రెండు మూడుసార్లు గుమ్మం దాకా వచ్చింది. ఆయన తలుపు తీయలేదు. తీస్తే ఏమవుతుందో తెలుసు. పక్క షెడ్డులో ఒకాయనకి వినికిడి తగ్గిందని తెలియగానే తీసుకెళ్ళి బట్టల మడత గదిలో కూర్చోబెట్టారు. అక్కడ పొద్దస్తమానం మడతలు లెక్కపెట్టడమే పని. ఆయన ఇప్పటికీ మధ్యాహ్నం భోజనం వేళ షెడ్డు కిటికీ దగ్గరకొచ్చి, ఊచలు పట్టుకుని, మగ్గాల్ని చూసి పోతాడు. చెవిమేస్త్రీలోంచి చెవి తీసేస్తే ఏం మిగులుతుందన్నది మేస్త్రీగారు తనని తాను ఎప్పుడూ గట్టిగా అడగని ప్రశ్న. కాబట్టి టీవీదే తప్పు.

సరిగ్గా అప్పుడే మిల్లువాళ్ళు ముప్పై అయిదేళ్ళ సేవకి బహుమానంగా నలభై వేలు ఇచ్చారు. "ఇన్నేళ్ళలో మీకోసం ఒక్క వస్తువు కొనుక్కోలేదు. ఈసారి మీకు నచ్చిందే కొనండి" అంది భార్య.

"మంచి సౌండు పెట్టె కొంటాను. మాట మాటలా వినిపించాలి" అన్నారాయన.

ఆ మాట కూతురి ద్వారా అల్లుడికి చేరింది. చేరిన గంటలో అల్లుడు టేపు పట్టుకుని దిగాడు. అతనిది టైల్స్ షోరూంలో ఉద్యోగం. గది కనిపిస్తే కొలవకుండా ఉండలేడు.

"మా ఇంటికి మొట్టమొదటిసారి వచ్చినప్పుడు కూడా అంతే" అంది కూతురు. "నాన్న కూర్చోమంటే, ఈ హాలు పన్నెండు బై పది ఉంటుందా అండీ అని అడిగాడు."

"ఉంది కదా పన్నెండు బై పది?" అన్నాడు అల్లుడు నేల మీద పాకుతూ. "మామయ్యగారూ, దీనికి అయిదు స్పీకర్లు కావాలి. ముందు మూడు, వెనక రెండు. దరువు దద్దరిల్లడానికి ఒక సబ్‌వూఫరు. వీటన్నిటికీ సౌండు పంచిపెట్టే రిసీవరు, ఏడు చానళ్ళది. రేపు ఇంకో రెండు స్పీకర్లు తగిలించుకోవాలంటే చోటుండాలిగా."

"రేపు ఎందుకు తగిలించుకుంటాం?" అంది అత్తగారు.

"ఉంటే మంచిది అత్తయ్యగారూ."

కాగితం మీద వేసి చూస్తే తొంభై వేలు దాటింది. "మిగతా యాభై మీ షోరూంవాళ్ళు ఇస్తారా బాబూ?" అని ఆవిడ మర్యాదగా అడిగింది. అల్లుడు సబ్‌వూఫరు కొట్టేశాడు. ఏడు చానళ్ళని అయిదు చేశాడు. వెనక రెండు స్పీకర్ల దగ్గరకొచ్చేసరికి అతని పెన్ను ఆగిపోయింది. "ఇవి తీసేస్తే ఇంక హోమ్ థియేటర్ అనరండీ, ఊరికే సౌండంటారు" అన్నాడు బాధగా.

"నేల విడిచి సాము వద్దు. ముందు కొట్టుకి వెళ్దాం" అన్నారు మేస్త్రీగారు.

ఆ కొట్టు ఒక పాత భవనంలో మెట్ల కింద ఉంది. ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాల్సినంత ఇరుకు. కొత్తవీ పాతవీ, తెరిచినవీ తెరవనివీ, గోడనిండా రిసీవర్లు, స్పీకర్లు. కొట్టాయన కళ్ళజోడు నుదుటిమీదకి నెట్టుకుని, అల్లుడి కాగితాన్ని ఆమూలాగ్రం చదివి, మడిచి, అతని చేతికే ఇచ్చేశాడు.

"డబ్బు తక్కువున్నప్పుడు స్పీకర్ల సంఖ్య పెంచకూడదండీ. అయిదు నాసిరకం వాటికంటే మూడు మంచివి మేలు. ఎడమ, కుడి, మధ్యలో ఒకటి. సంగీతం పక్కనుంచి వస్తుంది, మాటలన్నీ ఆ మధ్యదాంట్లోంచే వస్తాయి. మీకేం కావాలి సార్? సంగీతమా, మాటలా?"

"మాటలు" అన్నారు మేస్త్రీగారు. కొట్టాయన ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నాడు, నోరు తెరిచి మాట్లాడుతున్నాడు. మేస్త్రీగారికి మనిషి నచ్చాడు.

"అయితే మధ్య స్పీకరు మీద ఖర్చుపెట్టండి. రిసీవరంటారా, రెండేళ్ళ కిందటి మోడల్ చాలు. కొత్తదానికీ దీనికీ తేడా ఎక్కువ భాగం అట్టపెట్టె మీదే ఉంటుంది."

అల్లుడు ఏదో అనబోయాడు. కొట్టాయన ఆగమని చెయ్యి చూపించి, గోడకున్న టీవీ ఆపేశాడు.

"నా దగ్గర ఒక పద్ధతుంది. బొమ్మ ఉంటే కన్ను చెవి పని కూడా చేసేసి, పేరు మాత్రం చెవికి ఇచ్చేస్తుంది. అందుకని బొమ్మ లేకుండా వినాలి. ఇది మా అక్క గొంతు. వంటింట్లో కొళాయి కారుతుంటే కిరాణా చీటీ చదివింది, నేను రికార్డు చేశాను. తలా ఒక కాగితం తీసుకోండి. వినిపించిన సరుకులు రాయండి. మూడొంతులు రాయలేకపోతే ఆ స్పీకరు మీకు అమ్మను."

ముగ్గురికీ కాగితాలూ పెన్సిళ్ళూ ఇచ్చాడు. స్టూళ్ళు వేసి బడిపిల్లల్లా వరసగా కూర్చోబెట్టాడు. అక్క చదవడం మొదలుపెట్టింది.

అల్లుడు వంగి చకచకా రాస్తున్నాడు. భార్య తల ఒక పక్కకి వాల్చి రాస్తోంది. మేస్త్రీగారు ఆరిపోయిన తెర వంక చూశారు. అక్కడ ఆయన మొహమే కనిపించింది. గోడ అవతల ఎవరో పిల్లికి కథ చెబుతున్నట్టు ఒక సన్నటి సణుగుడు వస్తోంది, పోతోంది. ఎక్కడ మాట మొదలవుతోందో, ఎక్కడ కొళాయి నీళ్ళు ముగుస్తున్నాయో తెలియడం లేదు. ఏ చీటీలోనైనా ఉప్పు లేకుండా ఉండదు కదా అని 'ఉప్పు' అని రాశారు. పెన్సిలు అక్కడ ఆగిపోయింది.

యాభై ఏడేళ్ళ మనిషి, తొంభై ఆరు మగ్గాల మేస్త్రీ, ఆ క్షణాన ఒక పని చేశారు. పక్క కాగితంలోకి చూశారు.

భార్య తల ఎత్తలేదు. ఆవిడ మోచెయ్యి మాత్రం కొంచెం పక్కకి జరిగింది. కాగితం అంగుళం మేర ఇటు తిరిగింది. పంచదార. అగ్గిపెట్టెలు. బట్టల సబ్బు. మేస్త్రీగారు దించుకుంటూ పోయారు.

కొట్టాయన కాగితాలు తీసుకున్నాడు. "అల్లుడుగారు పన్నెండుకి పన్నెండు. భేష్. అమ్మగారు పదమూడు." కళ్ళజోడు ముక్కు మీదకి దించుకున్నాడు. "పదమూడేంటమ్మా? మా అక్క చదివింది పన్నెండే. ఏదీ... కొవ్వొత్తులు, బల్బు... నల్లదారం రెండు రీళ్ళు?"

"అయ్యో, అది మా ఇంటి చీటీ అండీ" అంది ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. "మిషను దారం అయిపోయింది. పొద్దున్నుంచీ బుర్రలో అదే తిరుగుతోంది."

అందరూ నవ్వారు. మేస్త్రీగారూ నవ్వారు, అరక్షణం ఆలస్యంగా. కొట్టాయన నవ్వుతూనే మూడో కాగితం తీశాడు. ఆ నవ్వు సగంలో ఆగింది. అతను పైకి చదవలేదు. కానీ అల్లుడు మెడ చాచి చదివేశాడు.

"నల్లదారం రెండు రీళ్ళు. చూశారా? మామయ్యగారికీ వినిపించింది! మీ అక్కగారు చదివే ఉంటారండీ, నేనే వదిలేసుంటాను. మళ్ళీ వెయ్యండి."

మళ్ళీ వేశాడు. అక్క మళ్ళీ పన్నెండే చదివింది. చివర కొళాయి కాసేపు కారి ఆగిపోయింది. మేస్త్రీగారు ఎవరి వంకా చూడలేదు. ఎవరి వంకా చూడకపోతే ఎవరూ ఏమీ అననట్టే ఆయన లెక్క.

ఆ దారం పొరపాటున రాసిందో, తెలిసే రాసిందో ఆవిడ ఇప్పటికీ చెప్పదు. గుచ్చి అడిగితే, దారం నిజంగానే అయిపోయింది అంటుంది. అయిపోయిన మాట నిజమే.

కొట్టాయన వచ్చి మేస్త్రీగారి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. "సార్, ఇవాళ మీకు ఏదీ అమ్మను. ఒకసారి చెవులు చూపించుకుని రండి. స్పీకర్లు ఎక్కడికీ పోవు."

"చెవులా?" అన్నాడు అల్లుడు. "మా మామయ్యగారివా? మిల్లంతా ఆయన్ని ఏమంటుందో తెలుసా మీకు?"

"పదండి" అన్నారు మేస్త్రీగారు.

బండి తెస్తానని అల్లుడు వెళ్ళాడు. మొగుడూ పెళ్ళాం బస్సుస్టాపు బల్ల మీద కూర్చున్నారు. చాలాసేపు ఇద్దరూ ఎదుటి గోడ మీది వాల్‌పోస్టర్ చదివారు. అందులో చదవడానికి రెండు మాటలకంటే లేవు.

"ఎన్నాళ్ళనుంచి?" అంది ఆవిడ, ఆయన వైపు తిరిగి.

"చెప్పలేను. నూలు తెగినట్టు తెగితే తెలిసేది. ఇది రంగు వెలిసినట్టు వెలిసింది."

"మరి నాతో బాగానే మాట్లాడతారుగా? ఒక్క మాటా పోదు కదా?"

"నిన్ను చూస్తాను."

"చూస్తే?"

"తెలుస్తుంది."

ఆవిడ చెప్పులోంచి కాలు తీసి, మళ్ళీ పెట్టుకుంది. "పక్కింటావిడతో గొప్పలు చెప్పుకున్నానండీ. వాళ్ళాయన పేపర్లోంచి తలెత్తడట. మా ఆయన అలా కాదు, నేను నోరు తెరిస్తే చాలు, చేతిలో పని వదిలేసి నా మొహమే చూస్తారు అన్నాను. నాలుగేళ్ళనుంచి అంటున్నాను."

మేస్త్రీగారికి ఏదో మంచి మాట చెప్పాలని అనిపించింది. చాలా వెతికారు. చివరికి దొరికింది ఇది: "మిల్లు మొత్తంలో నీ అంత శుభ్రంగా మాట్లాడే పెదాలు లేవు."

ఇది మెచ్చుకోలో కాదో తేల్చుకోడానికి ఆవిడకి రెండు రోజులు పట్టింది. అప్పటికి మాత్రం మొహం అటు తిప్పేసుకుని ఏదో అంది. ఆయనకి బస్సుల రొదా తెలియలేదు, ఆవిడ మాటా తెలియలేదు. చెయ్యి చాచి భుజం తట్టారు.

"ఇటు తిరిగి చెప్పు."

"మడత గది గురించే కదా మీ భయం?" అంది ఆవిడ తిరిగి. కళ్ళు తుడుచుకోలేదు. "ఎవరికీ చెప్పకండి, పోనీ. ముందు వినండి."

చెవుల పరీక్ష చేసే అమ్మాయి ఆయన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి చప్పుళ్ళు వినిపించింది. బయటికి తీసుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఇంట్లో ఎవరెవరున్నారు?" అని అడిగింది. టక్కున చెప్పారు. ఫైలు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. ఫైలు కదిలింది, అంతే. మేస్త్రీగారు ఆ ఫైలు మీది ముద్ర చదువుతూ కూర్చున్నారు.

"ఇప్పుడు మీ మిల్లు పేరడిగాను" అంది ఆ అమ్మాయి ఫైలు దించి. "మీరు వినట్లేదు సార్, చదువుతున్నారు. టీవీలో వార్తలు బాగా అర్థమవుతాయి కదూ? మనిషి మన వైపే చూస్తూ చదువుతుంది. అతికించిన మాటల సీరియళ్ళు అర్థం కావు. వాళ్ళ నోళ్ళు వాళ్ళ భాషలో కదులుతుంటే మాట మన భాషలో వస్తుంది. మీ కన్ను దేన్ని నమ్మాలి?"

ఆ విధంగా టీవీ నిర్దోషిగా బయటపడింది. అల్లుడు గుమ్మంలో నిలబడి, "అంటే ఇన్నాళ్ళూ మనం చెవిటివాడి ముందు శం..." దాకా వచ్చాడు. మిగతా శంఖం, వెంట వచ్చిన కూతురు అతని కాలు తొక్కడంతో గొంతులోనే ఆగిపోయింది.

రెండు చెవులకీ రెండు యంత్రాలు, చవకరకంలో మంచివి, ఇరవై నాలుగు వేలయ్యాయి. మిగిలిన డబ్బు పెట్టి ఇంకొంచెం పెద్దరకం తీసుకోమంది భార్య. మేస్త్రీగారు ఒప్పుకోలేదు. "చెవులొచ్చాక వినడానికి ఏదో ఒకటి ఉండాలిగా" అన్నారు. ఆ పదహారు వేలు పట్టుకుని ఒక్కరే కొట్టుకి వెళ్ళారు. స్టూలు మీద కూర్చుని కాగితం అడిగి తీసుకున్నారు. పక్కన ఎవరూ లేరు. పన్నెండింటికి పది రాశారు. ఎవరో వాడి తిరిగిచ్చిన రిసీవరు, పైన ఒక గీత ఉన్నది, చవకలో దొరికింది. "గీత వినపడదు సార్" అన్నాడు కొట్టాయన. మధ్య స్పీకరు మాత్రం కొత్తది, మంచిది. పక్క రెండూ చిన్నవి. అంతటితో డబ్బు అయిపోయింది.

ఇంట్లో మొదటి వారం ఆయనకి ప్రపంచం మీద కోపం వచ్చింది. ఫ్యాను ఇంత రొద చేస్తుందా? తన చెప్పులు ఇంత ఈడుస్తాయా? సీరియల్‌లో అత్తగారు నిజానికి చాలా మెల్లగా మాట్లాడే మనిషని తెలిసి ఆశ్చర్యపోయారు. నోళ్ళు ఇంకా అటూ ఇటూ పోతూనే ఉండేవి. తెర వంక చూడకుండా, తల వంచుకుని, వేళ్ళ మధ్య లుంగీ అంచు నలుపుతూ వినడం అలవాటు చేసుకున్నారు. ఒకరోజు ఆవిడ వంటింట్లో అటు తిరిగి, "ఈ మనిషికి బనీను ఎక్కడ విడవాలో ముప్పై ఏళ్ళనుంచి తెలియదు" అని గొణుక్కుంటే హాల్లోంచి, "తెలుసు" అని జవాబొచ్చింది. ఆవిడ చేతిలో గరిట జారింది. వీపు వెనక స్వేచ్ఛ ఆ ఇంట్లో ఆరోజుతో ముగిసింది.

అయితే ఇదంతా గడప లోపలే. మిల్లుకి బయల్దేరేముందు ఆ రెండూ తీసి, డబ్బీలో పెట్టి, డబ్బీ చొక్కా జేబులో పెట్టి, జేబుకి గుండీ పెట్టుకునేవారు. షెడ్డులో వాటితో పని లేదు, నిజమే. కానీ గేటు దాటి రోడ్డెక్కాక కూడా ఆ గుండీ విప్పేవారు కాదు.

మూడు వారాలు అలా గడిచాక, బహుమానం డబ్బుతో మేస్త్రీ ఏదో కొన్నాడట అని మిల్లులో తెలిసింది. ఆదివారం సాయంత్రం సూపర్‌వైజరూ, నూలు గది చూసే ఆయనా చూడటానికి వచ్చారు. కూతురూ అల్లుడూ అప్పటికే ఉన్నారు. మేస్త్రీగారు తల మీంచి చెవుల కిందిదాకా తువ్వాలు చుట్టుకుని గుమ్మంలోకి వచ్చారు.

"ఏంటి మేస్త్రీ, ఈ వేషం?" అన్నాడు సూపర్‌వైజరు.

"తలంటుకున్నాను."

"పొద్దున ఎనిమిదింటికి" అంది కూతురు లోపల్నుంచి. "ఇంకా ఆరలేదు."

అల్లుడు తను తెచ్చిన సినిమా పెట్టాడు. అదీ అతికించిన మాటలదే. దాంట్లో సౌండు బాగుంటుందని ఏరి తెచ్చాడు. మేస్త్రీగారు తల వంచుకుని విన్నారు. మధ్య స్పీకరులోంచి మాటలు, గింజలు ఏరినట్టు ఒక్కొక్కటీ వచ్చి పడుతున్నాయి. కాసేపటికి ఎవరో తననే చూస్తున్నట్టు అనిపించి తలెత్తారు.

సూపర్‌వైజరు చూస్తున్నాడు. తెర మీద ఎవరో చెప్పిన మాటకి కూతురూ అల్లుడూ పగలబడి నవ్వుతుంటే, ఆయన మొహం మీద కూడా ఒక నవ్వుంది, కానీ దానికి కాళ్ళు లేవు. ఎవరికీ కనబడకుండా, మోకాలి పక్కన రెండు వేళ్ళు విప్పి, గుండ్రంగా తిప్పాడు. షెడ్డులో అయితే ఆ సైగకి అర్థం, ఏమన్నాడు అని.

మేస్త్రీగారు పెదాలు కదిపి చెప్పారు. సూపర్‌వైజరు అప్పుడు నిజంగా నవ్వాడు. రెండు నిమిషాల తర్వాత మళ్ళీ వేళ్ళు తిరిగాయి. మేస్త్రీగారు మళ్ళీ చెప్పారు. మూడోసారి నూలు గది ఆయన కూడా మెడ వంచి మేస్త్రీగారి నోటి వంక చూస్తున్నాడు. మడత గదిలోకి మనుషుల్ని పంపేది సూపర్‌వైజరు సంతకమే. ఆ సంతకం పెట్టే చెయ్యి ఇప్పుడు మోకాలి పక్కన దొంగతనంగా తిరుగుతోంది. ఎన్నేళ్ళనుంచి తిరుగుతోందో ఏమో. ఒకే షెడ్డులో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఎంత నేర్పుగా దాక్కున్నారు అందరూ!

తెర మీద వాన మొదలైంది. అల్లుడు ఇంక ఆగలేకపోయాడు. లేచి, వెనక గోడ దగ్గరికెళ్ళి, రెండు మూలలూ రెండు చేతులతో చూపించాడు.

"చెబుతూనే ఉన్నాను మామయ్యగారూ. ఈ వాన మన వెనకనుంచి కురవాలి. అయిదుండాల్సిన చోట మూడే పెట్టారు. కొలతలన్నీ తీసి రాసిచ్చానా? ఆ రెండు స్పీకర్లూ లేకపోతే ఇంత పెట్టీ ఏం లాభం?"

సూపర్‌వైజరూ, నూలు గది ఆయనా ఆ మాటలు అందుకోలేక, ఏమంటున్నాడన్నట్టు మేస్త్రీగారి వైపే తిరిగారు. మేస్త్రీగారు తల మీది తువ్వాలు విప్పి, మడిచి, ఒళ్ళో పెట్టుకుని, ఇద్దరికీ పెదాలు కనబడేలా మొహం తిప్పి చెప్పారు.

"ఆ రెండూ నా చెవుల్లో ఉన్నాయి అల్లుడుగారూ."